నీడ పక్క మారినప్పుడు బండ్లు ఎవరు మార్చాలి?

ఈస్టరు పండగ అయిన మరుసటి వారం, సోమవారం, తెల్లవారి ఐదు గంటల పది నిమిషాలకు కోడుమూరులో మా చర్చి గోడ దగ్గర నుంచి బయలుదేరాం. ఇంత కచ్చితంగా ఎందుకు రాస్తున్నానంటే, ఐదింటికే బయలుదేరాలని నేను ముందురోజే చెప్పాను. మద్దిలేటి పది నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. ఆ పది నిమిషాల మాట కడప దాకా మాతోనే వచ్చింది.

కడపకు జనం దర్గాకు పోతారు, దేవుని కడపకు పోతారు, సంబంధం చూడడానికి పోతారు. మేము పోయింది మోటారు సైకిళ్లు ఎట్లా నిలుపుతారో చూడడానికి. నవ్వేవాళ్లు నవ్వుకోండి, మా ఊళ్లో చాలామందే నవ్వారు. మీలో ఎవరూ ఈ పనికి కడప పోయి ఉండరు కాబట్టి పోయివచ్చిన నేను రాస్తున్నాను.

సంగతి ఇది. మా చర్చికి రోడ్డు పొడుగునా గోడ ఉంది. గోడ రోడ్డుకు పడమటి పక్క. తూర్పు పక్క అంగళ్ల వరస. బస్టాండు నాలుగు అడుగుల దూరం. చుట్టు పల్లెలవాళ్లు బండ్లు ఇక్కడ వదిలేసి కర్నూలు బస్సు ఎక్కుతారు. పొద్దున నీడ అంగళ్ల ముందర ఉంటుంది కాబట్టి బండ్లన్నీ అంగళ్ల ముందరే. మధ్యాహ్నం తిరిగితే అక్కడ మంట. నీడ మా గోడ పక్కకు వస్తుంది, లోపలి వేపచెట్లు కూడా కొంచెం చేయి చాస్తాయి. బండి వదిలినవాడు కర్నూల్లో ఉంటాడు. మరి బండిని ఈ పక్కకు మార్చేదెవరు?

సలోమి మారుస్తుంది. సలోమి నా తోడికోడలి కూతురు. మొగుడు పోయినప్పటి నుంచి గోడ దగ్గరే కూర్చుని బండ్లు చూసుకుంటుంది. అందుకే మా ఊళ్లో ఎవరూ బండి హ్యాండిలుకు తాళం వేయరు. వేసిపోతే మర్యాద తెలియనివాడని అర్థం. ఆమెకు ఇంత ఇవ్వాలని లేదు. ఒకరు పది రూపాయలు, ఒకరు శేరు శెనక్కాయలు, ఒకరు వంకాయలు, ఒకరు వట్టి నవ్వు.

ఇన్నేండ్లు నడిచింది. ఇప్పుడు బండ్లు పెరిగి బస్సు తిరగడానికి తావు లేదు. మద్దిలేటి ఎరువుల అంగడి ముందర బస్తా దించడానికి సందు లేదు. పోయిన ఏడాది రెండు బండ్లు మాయమయ్యాయి. అంతలో కర్నూలు నుంచి ఒక కాంట్రాక్టరు వచ్చాడు. గోడ పొడుగునా గీతలు గీస్తాడట, మిషన్ పెడతాడట, గంటల లెక్కన చీటీ ఇస్తాడట, చర్చికి ఏడాదికి ఇంత అని కడతాడట. కడపలో ఒక వీధి అట్లాగే నడుస్తోంది, పోయి చూసుకోండి అన్నాడు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక తేల్చాలి. గోడ చర్చిది, కమిటీలో నేనొక మనిషిని. దాచడమెందుకు, నేను కాంట్రాక్టరు వైపే ఉన్నాను.

సలోమి ఏడవలేదు. "నన్ను లేపేసేముందు ఆ మిషన్ ఎట్లుంటాదో నాక్కూడా చూపిచ్చు పెద్దమ్మా" అంది. న్యాయమైన మాట. ఎవరి కుండ పగలబోతోందో వాళ్లు చూడాలి. అందుకని కారులో నలుగురం: నేను, సలోమి, అంగళ్ల తరఫున మద్దిలేటి, కారు నడిపే ఖాజా.

కర్నూలు

కర్నూల్లో ఉగ్గాని, బజ్జి తిన్నాం. ప్లేటు యాభై రూపాయలు. మా ఊళ్లో ముప్పై. బొరుగులు అవే, మిరపకాయ అదే, స్టీలు ప్లేటు మీద కాగితం పరిచినందుకు ఇరవై ఎక్కువ కావచ్చు. రుచికి మాత్రం వంక పెట్టలేను. సలోమి మిరపకాయ బజ్జి రెండోసారి అడిగింది.

నేను నలభై తొమ్మిదేండ్లకు పలక పట్టిన మనిషిని. పగలు కూలికి పోయి సాయంత్రం చర్చిలో అక్షరాలు దిద్దాను. అప్పటి నుంచి ఏ ఊరు పోయినా బోర్డులు చదవడమే నాకు వేడుక. కర్నూలు బజారులో నాకు కనబడిన బోర్డుల్లో సగం ఒకటే మాట: ఇక్కడ బండి పెట్టరాదు. ఎక్కడ పెట్టాలో చెప్పే బోర్డు ఒక్కటీ లేదు.

బోర్డు లేనిచోట ఇంకొకటుంది. ప్రతి అంగడి ముందరా రోడ్డు మీద ఒక కాపలా వస్తువు. ఒకరిది పాత టైరు, ఒకరిది కాలు విరిగిన స్టూలు, ఒకరిది పెయింటు డబ్బాలో సిమెంటు పోసి నిలబెట్టిన ఇనుప కడ్డీ. ఖాజా ఒక డబ్బాను కాలితో జరిపి కారు పెట్టబోయాడు. బట్టల అంగడాయన చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చాడు.

"ఏమప్పా, అది మా జాగా."

"రోడ్డు గదన్నా" అన్నాడు ఖాజా.

"రోడ్డే. ఎవరు కాదన్నారు? మా అంగడి ముందర రోడ్డు."

"అంగడితో పాటు రోడ్డు కూడా రిజిస్టరు చేయిచ్చుకున్నావా?" అని నేను కారులోంచి అడిగాను.

ఆయన నన్ను చూసి, "ఈ ముసలమ్మకేంది మధ్యలో" అన్నట్టు ఖాజా వైపు తిరిగాడు. "అవ్వను తీసుకొని ముందరికి పోప్పా, ఎండెక్కుతాండాది."

మేము ముందుకు పోయాం. కారులో అందరం నవ్వాం, మద్దిలేటి నవ్వలేదు. ఆయన అంగడి ముందర కూడా సిమెంటు పోసిన డబ్బా ఒకటి ఉంది.

ఓర్వకల్లు

ఓర్వకల్లు దగ్గర రాళ్ల గుట్టలు చూడవలసినవే. ఎవరో పేర్చినట్టు ఒక బండ మీద ఒక బండ. కాసేపటికి కాలు చాపుకోవాలని దిగాం. రోడ్డు పక్కన ఒకామె నన్నారి షర్బత్ అమ్ముతోంది, గ్లాసు ఇరవై. నిమ్మకాయ మాత్రం మా వైపు కంటే ధారాళంగా పిండింది.

అక్కడ ఏదో కట్టడం పని నడుస్తోంది. కూలీలు ఒక్కొక్కరే బండ్ల మీద వస్తున్నారు. అందరూ ఒక పెద్ద బండరాయి నీడలో బండ్లు పెడుతున్నారు. ఒక్కతను మాత్రం నీడ విడిచి అవతల ఎండలో పెట్టాడు. సలోమి ఊరుకోలేకపోయింది.

"ఏమన్నా, ఈడ నీడ ఉంటే ఆడ పెడతాండావే?"

అతను పారకు పిడి బిగించుకుంటూ, "ఇప్పుడు ఎండేమ్మా. నేను ఎక్కేది సాయంత్రం. అప్పటికి నీడ ఆడికే వస్తాది. వీళ్లందరి సీట్లు అప్పుడు పెనం మాదిరి కాలుతాంటాయి" అన్నాడు.

నీడలో పెట్టినవాళ్లలో ఒకడు అరిచాడు. "అవునప్పా, నీ పెండ్లాం సల్లగా ఉండాలంటాది గదా, సీటు సల్లగా పెట్టుకో."

"మీరు కాల్చుకోండ్రా."

సలోమి చాలాసేపు ఆ బండరాయి వైపు, ఎండ వైపు చూస్తూ నిలబడింది. నేను పిలిస్తేగాని కారెక్కలేదు.

మైదుకూరు

నంద్యాల, ఆళ్లగడ్డ దాటాం. ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన సగం చెక్కిన రాతి దేవుళ్లు ఎండలో నిలబడి ఉన్నారు. మైదుకూరు వచ్చేసరికి భోజనాల వేళ. అక్కడ మద్దిలేటి చెల్లెలి ఇల్లు. సంగటి, వంకాయ పులుసు, శెనక్కాయల పచ్చడి పెట్టింది. మా పక్క జొన్నరొట్టె ఎట్లాగో వీళ్లకు సంగటి అట్లా. అయితే వీళ్లు సంగటిలో గుంట చేసి పులుసు పోసుకుంటారు, మేము నంచుకుంటాం. నంచుకుంటుంటే ఆ ఇంటి పిల్లలు నన్ను వింతగా చూశారు.

అన్నం తిని పసుపు అమ్మే చోటికి నడిచాం. కొమ్ముల వాసన ముక్కుకు పట్టేసింది. కళ్లం పక్కన ఒక ముసలాయన మోపెడుకు పెద్ద గొడుగు కట్టి, దాని కింద గోనెసంచి పరచుకుని పడుకున్నాడు. గొడుగు కర్రను సీటు వెనక ఇనుప చట్రానికి తాడుతో బిగించాడు.

"ఏంది పెద్దాయనా, బండికి నీడా, నీకు నీడా?" అన్నాడు మద్దిలేటి.

"ఇద్దరికీనప్పా. ఇది ఎండలో ఉంటే పెట్రోలు ఎగిరిపోతాది, నేను ఎండలో ఉంటే నేను ఎగిరిపోతా."

"చెట్ల కింద పెట్టగూడదా?"

"చెట్లు తెల్లారేసరికి నిండిపోతాయి. ఎవరికి ఎవరు తెలుసో వాళ్లు పెట్టిస్తారు. నాకెవరు తెలుసు?" అని పక్కకు తిరిగి పడుకున్నాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. నడుస్తూ సలోమితో అన్నాను. "విన్నావా? నీ గోడ కాడ కూడా ఇదే కథ."

"నేనేం చేసినా?"

"మీ తమ్ముడు, నా కొడుకే అనుకో, వాని బండి ఎప్పుడూ వేపచెట్టు కిందే. ఆ టీచరమ్మ బండి ఎప్పుడూ ఎండలోనే. అందరి బండ్లూ మారుస్తావు, ఆమెది మార్చవు. నేను గుడ్డిదాన్ని కాదు."

సలోమి ముక్కు ఎగబీల్చింది. "నాలుగేండ్లుగా పెడతాండాది. ఒక దినం పలకరించిందా? పండగనాడన్నా ఏం సలోమీ అన్నిందా? బండి స్టాండేసి, నేనొక రాయి అయినట్టు పక్కన పోతాది. నేనెందుకు మోయాల ఆమె బండి?"

"అంటే నీడ కావాలంటే నీకు నమస్కారం పెట్టాల."

"పెడితే ఏం పోయింది?"

ఏం పోయిందో నాకు తెలుసు. నా చిన్నప్పుడు కోతలకు పోతే మధ్యాహ్నం బువ్వ తినడానికి నీడ కూడా అడిగి తీసుకోవలసి వచ్చేది. గట్టు మీద చింతచెట్టు ఉండేది. దాని కింద ఎవరెవరు కూర్చోవాలో ఒక వరస ఉండేది. మా వంతు వచ్చేసరికి నీడ అయిపోయేది. రైతు మంచివాడే, ఒక్కొక్కప్పుడు దయ పుట్టి, రా మే, ఈ పక్క కూసో అనేవాడు. ఆ దయ కోసం మా అమ్మ నవ్వే నవ్వు నాకు ఇప్పటికీ నచ్చదు. ఊరికే ఇచ్చేది ఏదీ ఊరికే రాదు, వంగి పుచ్చుకోవాలి. ఐదు రూపాయలు పారేసి చీటీ తీసుకున్నవాడు ఎవరికీ వంగక్కర్లేదు. కాంట్రాక్టరు వైపు నేను ఎందుకున్నానంటే ఇందుకే. ఆయన చర్చికి కట్టే దుడ్ల కోసం కాదు.

ఇదంతా సలోమికి చెప్పాను. ఆమె విని, "నువ్వు చెప్పేది నిజమే పెద్దమ్మా. మరి నేనేం తినాల?" అంది.

పసుపు వాసనలో ఇద్దరం తుమ్ముకుంటూ కారు దగ్గరికి వచ్చాం.

కడప, పొద్దున

రాత్రికి కడపలో దిగి, పొద్దునే ఎర్రకారం దోశ తిన్నాం. దోశ మీద కారం, కారం మీద పప్పులపొడి, పక్కన బొంబాయి చట్నీ. కన్నీళ్లు కారాయి, అయినా ఇంకొకటి చెప్పాను. మద్దిలేటి మజ్జిగ తాగి సర్దుకున్నాడు.

తొమ్మిదింటికి ఆ వీధికి పోయాం. వీధి పేరు రాయను. అక్కడి అంగళ్లవాళ్ల సంఘమే ఆ ఏర్పాటు చేసుకుంది, మమ్మల్ని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. వాళ్ల మంచి చెప్తాను, లోటూ చెప్తాను, పేరు ఎందుకు?

మంచి ముందు. నేను అట్లాంటి వీధిని ఎప్పుడూ చూడలేదు. తూర్పు పక్క తెల్లగీతలు, గీతకు గీతకు మధ్య ఒక బండి, ఒక్కొక్క గడికి అంకె. మోకాలు నొప్పి మనిషిని, అయినా ఆ వీధి ఈ కొస నుంచి ఆ కొసకు ఎవరి హ్యాండిలూ నా పైటకు తగలకుండా నడిచాను. మధ్యలో ఛాతీ ఎత్తు మిషన్. రెండు గంటలకు పది రూపాయలు. నాణెమైనా వేయొచ్చు, ఫోను చూపించినా పడుతుంది. గడి అంకె నొక్కితే చీటీ వస్తుంది. మునిసిపాలిటీ ఊడ్చే అమ్మ అయినా, కారులో వచ్చిన షావుకారి కొడుకు అయినా అదే పది రూపాయలు, అదే చీటీ. పడమటి పక్క బండి పెట్టకూడదు. పెడితే చక్రానికి ఇనుప తాళం, విడిపించుకోవడానికి వంద.

ఆ తాళాలు వేసే మనిషి పేరు ఓబులేసు. ఖాకీ చొక్కా, మెడలో విజిలు. మద్దిలేటి ఆయనతో, "మా ఊరికి ఇది అచ్చంగా ఇట్లనే కావాలప్పా" అన్నాడు. నేను తల ఊపాను. సలోమి మాత్రం మిషన్ చుట్టూ ఒకసారి తిరిగి, దాని వీపు మీద చేయి పెట్టి తీసింది. అప్పటికే కాలుతోందేమో.

కడప, మధ్యాహ్నం

సంఘం వాళ్లతో మాటలు, భోజనం అయ్యి మళ్లీ ఆ వీధికి వచ్చేసరికి రెండు దాటింది. పొద్దున చూసిన వీధి అది కాదు. తూర్పు పక్క గడులు ముక్కాలు ఖాళీ. ఎండ నేరుగా గీతల మీద పడుతోంది. బండ్లు ఏమయ్యాయా అని చూస్తే, పక్క సందుల్లో నీడ ఉన్నచోటల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. సందులో చీటీ లేదు, గీత లేదు, మనిషి నడిచే తావు లేదు. ఒక పాల ఆటో లోపలికి పోలేక హారను కొడుతూ ఉంది.

గీతలు గీసినవాళ్లు పొద్దున గీసి ఉంటారు. నీడ ఉన్న పక్కే గీశారు. నీడ అక్కడే ఉండిపోతుందనుకున్నారు.

నేను, సలోమి అంగడి మెట్టు మీద నిలబడి ఉన్నాం. ఖాజా కారు తేవడానికి పోయాడు, మద్దిలేటి ఫోనులో ఉన్నాడు. మా ముందు గడిలో ఒక స్కూటీ ఎండలో మాడుతోంది. హ్యాండిలుకు తాళం లేదు. సలోమి దాన్నే చూస్తోంది. నేనూ చూస్తున్నాను. ఎవరో ఆడమనిషిది, ముందర బుట్టలో గుడ్డ సంచి ఉంది. వచ్చి ఆ సీటు మీద కూర్చుంటే తొడలు కాలతాయి.

సలోమి చేయి ముందు పోయింది, మనసు తర్వాత పోయింది. మెట్టు దిగి, స్టాండు తీసి, హ్యాండిలు పట్టి రోడ్డు దాటించింది. వద్దని నేను అనాలి. అనలేదు సరికదా, మోకాలు నొప్పితోనే వెనక పట్టి తోశాను. పడమటి పక్క గోడవారన నీడలో నిలబెట్టాం. మా ఊళ్లో ఇది దినామూ చేసే పని. మంచి పని చేశామని కూడా అనుకోలేదు, అంత అలవాటు. పక్కన చలివేంద్రంలో నీళ్లు తాగి వచ్చాం.

వచ్చేసరికి స్కూటీ చక్రానికి ఇనుప తాళం. దాని ముందు ముప్పై ఏండ్ల అమ్మాయి, ఓబులేసు మీద విరుచుకుపడుతోంది.

"నేను పెట్టింది ఆ గడిలో! ఇదిగో సీటీ! నాలుగింటి దాకా కట్టినా! బండి ఎగిరి ఈ పక్కకు వచ్చిందా?"

"నాకేం తెలుసమ్మా. ఈ పక్క ఉంటే తాళమెయ్యాల. ఏసినా."

"మేమే జరిపినాం తల్లీ" అన్నాను.

ఆమె మా వైపు తిరిగింది. "మీరెవరు?"

"కోడుమూరోళ్లం."

"కోడుమూరోళ్లయితే నా బండి ముట్టుకుంటారా?"

"ఎండలో ఉండాదని నీడకు పెట్టినామ్మే" అంది సలోమి. "సీటు కాల్తాదని."

"నా సీటు కాల్తే నీకేందమ్మా! దొంగతనం చేసేకి తోస్తాండారో ఏమో నాకేం తెలుసు? హ్యాండిలు లాకు ఒక్క దినం మర్చిపోతే ఇదీ కత!"

సలోమి ముఖం వాడిపోయింది. జీవితమంతా బండ్లు కాపాడిన మనిషిని దొంగ అనడం నేను ఆ రోజే విన్నాను. కానీ ఆ అమ్మాయిది తప్పా? కాదు. ఎవరో తెలియని ఇద్దరు ముసలీముతకా తన బండి తోసుకుపోతే ఎవరైనా అదే అంటారు. మా ఊళ్లో పోయిన రెండు బండ్లు కూడా తాళం వేయని బండ్లే. వాటినీ ఎవడో ఇట్లాగే, నీడకు మారుస్తున్నట్టు, అందరి ముందరే తోసుకుపోయి ఉంటాడు. అది నాకు అప్పుడే తట్టింది.

ఆమె పేరు షాహీన. జాకెట్లు కుడుతుంది. వాళ్లమ్మ కంటి ఆపరేషన్ చేయించుకుని రైల్లో వస్తోంది, కళ్లకు కట్టు, స్టేషన్లో ఎదురుచూస్తూ ఉంటుంది. తాళం తీయాలంటే వంద కట్టాలి. వంద నేను తీశాను. కానీ తాళంచెవి ఓబులేసు దగ్గర ఉండదట, సంఘం ఆఫీసులో ఉంటుందట, అక్కడాయన భోజనానికి పోయాడట.

"మా అమ్మకు చూపు ల్యా. ఆమె ఒక్కతే నిలబడి ఉంటాది" అంది షాహీన.

అంతలో ఖాజా కారు తెచ్చాడు. సంగతి విని, "అక్కా, ఎక్కు. స్టేషన్ నాకు తెలుసు. అమ్మను కారులో తెచ్చుకుందాం" అన్నాడు. ఆమె ఎక్కలేదు. మమ్మల్ని, కారును మార్చి మార్చి చూసింది. ఎక్కమని బలవంతం చేసే హక్కు మాకెక్కడిది?

అప్పుడు సలోమి పోయి ఆ స్కూటీ పక్కన నేల మీద కూర్చుంది. "నేను ఈడనే ఉంటా. నువ్వు వచ్చిందాక లెయ్యను. పెద్దమ్మ గూడా ఉంటాది. పో మే, ఆమె ఎదురుసూస్తాంటాది."

షాహీన కారెక్కి పోయింది. మేము కూర్చున్నాం. ఓబులేసు కూడా మెట్టు మీద కూర్చుని విజిలు తీసి జేబులో వేసుకున్నాడు. ఏదో ఒకటి మాట్లాడాలని సలోమి అడిగింది. "ఏమన్నా, నీకు ఈడ మర్యాద ఉంటాదా?"

"మర్యాదా? డబ్బులు మిషన్‌కు ఇస్తారు, తిట్లు నాకు ఇస్తారు" అన్నాడు ఓబులేసు. "ఒకటి మాత్రం బాగుంటాది. ఎవరూ నన్ను బతిమాలరు. నేను ఎవరినీ బతిమాలను" అన్నాడు.

"ఈ పక్క గూడా గీతలు గియ్యచ్చు గదప్పా, మధ్యాహ్నానికి?" అన్నాను.

"గీత గీసిన దినం నేను లేనవ్వా. నన్నడగద్దు."

సలోమి నవ్వింది. ఆ రోజు అదే మొదటిసారి.

షాహీన వాళ్లమ్మ కారులోంచి దిగి, కట్టు ఉన్న కళ్లతోనే, "ఎవరమ్మా నా బిడ్డ బండికి కాపలా ఉండేది?" అంది. సలోమి చేయి అందించింది. ముసలామె ఆ చేయిని తడిమి, "పనిచేసే చెయ్యి" అంది. షాహీన సీటు మీద చేయి పెట్టి చూసుకుంది. చల్లగా ఉంది. సంఘం ఆయన వచ్చి తాళం తీశాక నా వంద నాకు ఇవ్వబోయింది. తీసుకోలేదు. తప్పు మాది.

తిరుగుదారి

తిరిగి వచ్చేటప్పుడు తాటిముంజలు కొన్నాం, డజను వంద. కారులో ఒకటే వాదన. కాంట్రాక్టరు వద్దు, గీతలు మనమే గీసుకుందాం అన్నాను నేను. మద్దిలేటి కాంట్రాక్టరే కావాలంటాడు. "నా అంగడి ముందర బస్తా దిగాలక్కా, అంతే. నీడా గీడా నాకు తెల్దు."

"నీ సిమెంటు డబ్బా తీసేస్తావా?" అన్నాను.

"డబ్బాకేంటికి ఇప్పుడు?"

"అంగడి వాకిలి ముందర బస్తా దిగేంత తావు గీత గీసి వదిలేస్తాం. అది అందరికీ ఉంటాది. డబ్బా మాత్రం ఎవరికీ ఉండదు."

ముంజ నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు. "సరే, పెట్రోలు దాకా ఆలోచన చేస్తా" అన్నాడు. పెట్రోలు బంకు దాటాక, సరేనన్నాడు.

సలోమితో మాట్లాడడమే కష్టమైంది. నేను దాచకుండా చెప్పాను. గీతలు రెండు పక్కలా ఉంటాయి, పొద్దున ఆ పక్క, మధ్యాహ్నం ఈ పక్క. మార్చేది నువ్వే. పూటకు ఐదు రూపాయలు, అందరికీ ఒకటే, మీ తమ్మునికి కూడా. అందులోంచి నీకు దినకూలి. ఒకే అంకె వేసిన రేకు బిళ్లలు రెండు, ఒకటి బండికి కట్టేది, ఒకటి ఆసామి చేతికి. బిళ్ల చూపితేనే బండి. వచ్చిన వరసలో నీడ. నీకు నచ్చినవాళ్లకు కాదు.

"కాంట్రాక్టరు మనిషి కంటే నేనెట్ల మేలు ఇంగ?" అంది.

"వాడు మధ్యాహ్నం బండి మోయడు."

"అదే నా గతి. మోసేదాన్ని." కిటికీ వైపు తిరిగింది. "ఇన్నాళ్లు, సలోమి దయతలిస్తే నీడ అనేవాళ్లు. ఇంగ ఐదు రూపాయలు ఇస్తే నీడ అంటారు. నాకేం మర్యాద ఉంటాది?"

ఓబులేసు చెప్పింది గుర్తు చేద్దామనుకున్నాను. మానుకున్నాను. ఆమె పోగొట్టుకుంటోంది నిజంగానే ఉన్న వస్తువు. దానికి బదులు మంచి మాట చెప్తే సరిపోదు. ఓర్వకల్లు బండరాళ్లు దాటాక, ఆమే అంది. "ఆ పార పట్టుకున్నాయప్ప ఉండాడే, ఎండలో పెట్టినోడు. సాయంత్రం బస్సుకు వచ్చేవాళ్ల బండ్లు అట్ల పెడితే రెండుసార్లు మోసే పని ఉండదు పెద్దమ్మా." అప్పుడు నాకు తెలిసింది, ఆమె ఉంటుందని.

గోడ దగ్గర

ఆదివారం కమిటీలో కేకలు లేచాయి. చర్చికి వచ్చే ఆదాయం పోగొడుతున్నానన్నారు. పోగొడుతున్నాను, రాసుకోండి అన్నాను. మా ఏర్పాటు ఒక్క ఓటు తేడాతో గట్టెక్కింది. కాంట్రాక్టరు ఏడాది తర్వాత మళ్లీ వస్తానని చెప్పి పోయాడు. అప్పటికి ఇది నిలుస్తుందో లేదో నాకూ తెలియదు.

మరుసటి దినం తెల్లవారేసరికి సున్నంతో గీతలు గీశాం, అంగళ్ల పక్క, గోడ పక్క. వాకిళ్ల ముందర తావు వదిలాం. మద్దిలేటి తన డబ్బాను తనే దొర్లించుకుంటూ పోయాడు, అందరూ చప్పట్లు కొడితే తిట్టాడు.

సలోమి మూతి ముడుచుకుని బిళ్లల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మొదట వచ్చింది ఆ టీచరమ్మ. ఎప్పటిలాగే తల వంచుకుని బండి నిలిపింది. అంగళ్ల పక్క మొదటి గడి, మంచి నీడ. సలోమి బిళ్ల చేతిలో పెట్టింది. టీచరమ్మ ఐదు రూపాయలు ఇచ్చి, నిలబడింది. నీడ అని నమ్మలేదేమో, పైకి చూసింది. తర్వాత మా కొడుకు వచ్చాడు, ఆలస్యంగా. చివరి గడి, ఎండ. నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

టీచరమ్మ పోబోతూ ఉంటే సలోమి పిలిచింది. "టీచరమ్మా, నాలుగేండ్లుగా చూస్తాండా. మీ పేరేంది?"

ఆమె వెనక్కి తిరిగింది. కొంచెం సిగ్గుపడినట్టుంది. పేరు చెప్పి, "నీ పేరు?" అని అడిగింది.

ఆ దినం గోడ దగ్గర ఉన్నవాళ్లు: మద్దిలేటి, డ్రైవరు ఖాజా, మా పాస్టరు ఆనందరావుగారు, సున్నం గీతలు గీసిన ఎలీషా, అతనికి తాడు పట్టిన సుంకన్న, ఎండలో బండి పెట్టుకున్న నా కొడుకు యోహాను, నేను రూతమ్మ. ఇంకా ఇద్దరు, ఒకరికొకరు ఆ పొద్దే పేర్లు చెప్పుకున్నవాళ్లు: విజయలక్ష్మి, సలోమి.